మధ్యమ పురుష



జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాడు కారు ఇంజన్ల గురించి టపా రాయబోతున్నాడంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. రానివ్వండి. దీనికి కారకుడు కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడు. పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేసి, "మావయ్యా, ఒక పాత స్పోర్ట్స్ కారు చూశాను. ఇంజను మధ్యలో ఉంటుంది. కొననా వద్దా?" అని అడిగాడు.

"ఒరేయ్, తెలుగు పండితుణ్ణి పట్టుకొని అడగవలసిన మాటేనా ఇది?" అన్నాను.

"మన చుట్టాలందరిలోనూ ఇరవయ్యేళ్లుగా మధ్య ఇంజను బండి నడుపుతున్నవాడివి నువ్వొక్కడివే కదా!" అని పకపకా నవ్వాడు.

వాడన్నది వేళాకోళమే గాని అబద్ధం కాదు. చుండూరులో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉన్నది 2004లో కొన్న మారుతీ ఓమ్ని వ్యాను. చలనచిత్రాల్లో ప్రతినాయకుడి అనుచరులు నాయికను ఎత్తుకుపోవడానికి వాడే తెల్ల వ్యాను అదే. మా వీధి పిల్లలు ఇప్పటికీ దాన్ని 'కిడ్నాపు బండి' అంటారు. దాని 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కింద, ముందు ఇరుసుకు వెనుకగా ఉంటుంది. శక్తి వెనుక చక్రాలకు పోతుంది. రెండు ఇరుసుల నడుమ ఇంజను ఉన్నది మధ్య ఇంజను బండి అన్నది లక్షణం. ఆ లెక్కన ఫెరారీకీ మా వ్యానుకూ లక్షణం ఒక్కటే, లక్ష్యాలు మాత్రమే వేరు.

వ్యాకరణంలో పురుషలు మూడు. వాడు, అది అనేవి ప్రథమ పురుష. నీవు అనేది మధ్యమ పురుష. నేను అనేది ఉత్తమ పురుష. కార్లలోనూ ఇంజను ముందున్నవి, నడుమ ఉన్నవి, వెనుక ఉన్నవి అని మూడు తెగలు. తరగతిలో పురుషల పాఠం చెప్పేటప్పుడు మా వ్యాను 'మధ్యమ పురుష' అని చెప్పేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు, నవ్వినందువల్ల మరిచిపోయేవారు కారు. ఆ ఉపమానం నేననుకున్నంత తేలికైనది కాదని చాలాకాలానికి గాని నాకు తెలియలేదు.

అసలు ఇంజనును నడుమ పెట్టడమెందుకు? కావడి మోసేవాణ్ణి చూసినవారికి ఇది చెప్పనక్కర లేదు. రెండు కొసలా రెండు బిందెలు వేలాడుతుండగా గబుక్కున పక్కకు తిరగలేడు. తిరగడం మొదలుపెట్టాక గబుక్కున ఆగనూ లేడు. అదే బరువును ఒక మూటగా కట్టి వీపున వేసుకుంటే ఎటు కావాలంటే అటు మళ్లుతాడు. బండిలో అన్నిటికన్న బరువైన వస్తువుల్లో ఇంజను ఒకటి. దాన్ని కొసన కాక నడుమ ఉంచితే మలుపులో బండి చెప్పినట్టు తిరుగుతుంది. దీనికి ఒక దోషం కూడా ఉన్నది. తేలికగా తిరిగేది పట్టు తప్పితే అంత తేలికగానే గింగిరాలు తిరుగుతుంది. అందుకే పందెపు కార్లకు ఈ అమరిక ఎంత ప్రియమో, చేతకానివాడి చేతిలో అంత ప్రమాదం. మా వ్యానులో మాత్రం ఇది మలుపుల కోసం చేసిన ఏర్పాటు కాదు. ఇంజనును సీటు కిందికి తోసేస్తే వెనుక మనుషులకూ ధాన్యపు బస్తాలకూ చోటు మిగులుతుంది. అంతే.

వీధిలో తిరిగే కార్లలో ఈ అమరికకు గొప్ప పేరు తెచ్చినది 1966లో వచ్చిన లంబోర్గినీ మియురా. పన్నెండు సిలిండర్ల ఇంజనును డ్రైవరు వెనుక అడ్డంగా పడుకోబెట్టారు. సామాన్యుడు కొనగలిగినవాటిలో పేరుపడ్డది టొయోటా వారి ఎం.ఆర్.2. అది జపానులో 1984లో వచ్చింది. మన దేశంలో మారుతీ వ్యాను వచ్చినదీ అదే 1984లో. 1988లో దానికి ఓమ్ని అని పేరు మార్చారు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు మధ్యమ పురుషలు! ఒకటి కుర్రకారు సరదాకు పోయింది, ఒకటి కూరగాయల మార్కెట్టుకు పోయింది.

ఇంతకూ మేనల్లుడు చూసినది పోర్షే బాక్స్‌స్టర్. ఆ పేరుగల కార్లు 1996లో మొదలయ్యాయి. వీడు చూసినది మొదటి తరానిది, 2002 నాటిది. "ధర చూడు మావయ్యా, కొత్త కుటుంబ కారు ధరలో సగానికి అటూ ఇటూగా ఉంది" అన్నాడు.

అక్కడే నాకు పట్టుకుంది. పాత బండి ధర పడిపోతుంది గాని, దాని విడిభాగం ధర పడిపోదు. కొత్తప్పుడు ధనవంతుడు కొన్న కారు ఇరవయ్యేళ్ల తరవాత మధ్యతరగతివాడి చేతికి వస్తుంది. బ్రేకు డిస్కూ క్లచ్చూ మాత్రం తాము ధనవంతుడి కారువే అనుకుంటాయి. జమీందారు ఏనుగును చవకగా అమ్ముతాడు, నిజమే. మేత మాత్రం ఏనుగు మేతే.

రెండోది చేతి అందుబాటు. మా వ్యానులో సీటు ఎత్తితే ఇంజను కనిపిస్తుంది. మెకానిక్కు చేయి పెట్టగలడు. స్పోర్ట్స్ కార్లలో అదే ఇంజను డ్రైవరు వీపుకూ వెనుక చక్రాలకూ మధ్య ఇరుక్కొని ఉంటుంది. ఫెరారీలలో 348, ఎఫ్ 355 అనే కార్లకు టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజను మొత్తం దించాలి. బెల్టు ఖరీదుకన్న దించి ఎక్కించే కూలి అనేక రెట్లు. బాక్స్‌స్టరుకు తెరిచి చూసుకోవడానికి ఇంజను మీద మూత కూడా కనబడదు. ముందొక డిక్కీ, వెనుకొక డిక్కీ. ఆయిలూ కూలెంటూ పోసే రంధ్రాలు వెనుక డిక్కీలో ఉంటాయి. ఇంజనును చూడాలంటే బండిని పైకెత్తి కింద నుంచి గాని, సీట్ల వెనుక పలక విప్పి గాని చూడాలి.

ఆ తరం కార్లలో అందరూ చెప్పుకునే జబ్బు ఒకటున్నది. ఇంజను లోపల నడిమి షాఫ్టు ఒకటి ఉంటుంది. కవాటాలను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టులకు గొలుసుల ద్వారా చలనం అందించేది అదే. ఆ షాఫ్టు కొసన ఒక చిన్న బేరింగు. అది అరిగి విరిగితే గొలుసుల లయ తప్పుతుంది, కవాటాలు పిస్టన్లకు తగులుతాయి, ఇంజను మొత్తం పోతుంది. దీని మీద అమెరికాలో సామూహిక దావా నడిచి 2013లో రాజీగా ముగిసింది. అన్ని కార్లకూ వచ్చేది కాదు, ఎక్కువ కార్లకు రాలేదు కూడా. కాని వచ్చినప్పుడు బండి ఖరీదంత బిల్లు వస్తుంది. ఆ బేరింగును చేరాలంటే గేరుబాక్సు దించి, క్లచ్చూ ఫ్లైవీలూ విప్పాలి. అందుకే తెలిసినవారు క్లచ్చు మార్చేటప్పుడే దాన్నీ మార్పించేస్తారు. ముందుగా తెలుసుకునే ఉపాయాల్లో ఒకటి ఆయిలు ఫిల్టరును కోసి లోపల లోహపు పొరలేమైనా ఉన్నాయేమో చూడటం.

ఇదంతా మేనల్లుడు చెబుతుంటే నాకు మరో రాత్రి గుర్తుకొచ్చింది. వాడికి ఆ కథ నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. వాడు చిన్నప్పుడు ఏ అమ్మమ్మ ఒడిలో పెరిగాడో ఆమె కథ అది.

2013 మే నెల. మా అమ్మకు అప్పటికి ఎనభై దాటాయి. రాత్రి పదకొండింటికి ఆయాసం మొదలైంది. పెదవులు నీలంగా మారాయి. నేనూ మా ఆవిడా ఆమెను వ్యానులో వెనుక సీటున పడుకోబెట్టి తెనాలికి బయలుదేరాం. సగం దూరం పోయాక, ఇటు పొలాలూ అటు పొలాలూ, ఇంజను శబ్దం మారింది. సీటు కింద నుంచి కాలుతున్నట్టు వేడి. ఆ వేడి నాకు కొత్త కాదు. ఇంజను మీద కూర్చొని నడిపే బండి. వేసవిలో కుంపటి మీద కూర్చున్నట్టే ఉంటుంది. రోహిణి ఎండకు కాలిన ఊళ్లో ఆ మాత్రం వేడి ఉండదా అనుకున్నాను. ఇంకొంత దూరం పోయాక పొగవంటి ఆవిరి సీటు సందుల్లోంచి పైకి వచ్చింది. ఇంజను ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు.

అంబాసిడరులోనైతే ఆవిరి బానెట్టు మీద, కళ్లముందు లేస్తుంది. గుడ్డివాడైనా ఆపుతాడు. ప్రథమ పురుష జబ్బు పది మందికీ కనిపిస్తుంది. మధ్యమ పురుష జబ్బు పిరుదుల కిందనో వీపు వెనుకనో పుడుతుంది. దానికి రోజూ ఉండే వేడీ మోతా ముసుగు వేస్తాయి. ఉష్ణోగ్రత చూపే ముల్లు ఎదురుగానే ఉన్నది. ఆ రాత్రి నా చూపు దారి మీదా, అద్దంలో కనబడే అమ్మ మీదా తప్ప ముల్లు మీద పడలేదు.

చీకట్లో ముప్పావు గంట నిలబడ్డాం. నిలబడ్డాం అని రాస్తున్నాను గాని, మా ఆవిడ అమ్మ తల ఒళ్లో పెట్టుకొని విసురుతూ ఉన్నది, నేను రోడ్డు మీద పిచ్చివాడిలా అటూ ఇటూ పరుగెత్తుతున్నాను. వ్యాను తలుపును కాలితో తన్నాను కూడా. అప్పుడు అమ్మ, ఆ ఆయాసంలోనే, "దాన్ని తిట్టకురా. దానికి నోరు లేదుగా" అన్నది.

చివరికి ఒక ఆటో వచ్చింది. నడిపేవాడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. ఆసుపత్రికి చేరాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. దేవుడి దయవల్ల అమ్మ కోలుకొని మరి మూడేళ్లు ఉన్నది.

మర్నాడు వ్యానును షెడ్డుకు లాక్కుపోయారు. మెకానిక్కు సీటు ఎత్తి, వేలితో ఒక రబ్బరు గొట్టాన్ని చూపించాడు. అంగుళం పొడవున పగిలి ఉంది. "ఇది ఎనభై రూపాయలు మాస్టారూ. చాన్నాళ్లుగా కారుతున్నట్టుంది, మీరు చూసుకోలేదా?" అన్నాడు. చూశాను. వారం రోజులుగా వేపచెట్టు కింద తడి చూస్తూనే ఉన్నాను. బండి కడిగిన నీళ్లు అనుకున్నాను. బండి కడిగి పది రోజులైందన్న సంగతి నాకు తట్టలేదు. నీళ్లు తగ్గి ఇంజను కాగి, హెడ్డు వంగి, గ్యాస్కెట్టు పోయింది. ఆయిలులో నీళ్లు కలిసి పాలు పోసిన కాఫీలా ఉంది. హెడ్డు దించి, చదును చేయించి, మళ్లీ కట్టడానికి పదకొండు వేలయింది. తప్పు బండిది కాదు, తయారుచేసినవారిదీ కాదు. తప్పు నాది. నోరు లేనిది వారం రోజులు నేల మీద రాసి చూపిస్తే, అక్షరాలు నేర్పేవాణ్ణి చదవలేకపోయాను.

అప్పుడు తెలిసింది నాకు పురుషల భేదం. ప్రథమ పురుషను గూర్చి అది ఎదుట లేకపోయినా మాట్లాడుకోవచ్చు. మధ్యమ పురుష ఎదుట ఉంటేనే మాట. 'నీవు' అని పలకరించాలి, పలకరించి జవాబు వినాలి. ఆ ఏడాది నుంచి ప్రతి ఆదివారం సీటు ఎత్తుతున్నాను. గొట్టాలు వేలితో నొక్కి చూస్తాను. ఆయిలు పుల్ల తీసి తుడిచి చూస్తాను. నేల మీద తడి చూస్తాను. పది నిమిషాల పని. మా ఆవిడ "పూజ అయిందా?" అని అడుగుతుంది.

ఇక ఖర్చుల మాట. నాకు జమాఖర్చులు రాసే అలవాటుంది కనుక మేనల్లుడికి పుస్తకం తీసి చదివి వినిపించాను. వ్యాను కొన్నది సుమారు 2,10,000 రూపాయలకు. పెట్రోలూ బీమా తీసేస్తే ఈ 21 ఏళ్లలో మరమ్మతులకూ టైర్లకూ బ్యాటరీలకూ అయినది సుమారు 1,90,000. ఇందులో మొదటి పదేళ్లలో అయినది 50,000. తరవాతి పదకొండేళ్లలో 1,40,000. రెండు క్లచ్చులు, మూడు టైమింగ్ బెల్టులు, ఒక రేడియేటరు, తుప్పు పట్టిన గడపలకు రెండుసార్లు టింకరింగు. పాత బండికి తరుగుదల లేదు, అమ్మితే ఇవాళ ఎంతో రేపూ అంతే. ఆ తరుగుదల స్థానంలో మరమ్మతు వచ్చి కూర్చుంటుంది. రెండూ కలిపి చూసుకుంటేనే లెక్క.

సర్కారు వారి లెక్క వేరే. మన దేశంలో సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ తరవాత అయిదేళ్లకొకసారి పరీక్ష చేయించి పునరుద్ధరించుకోవాలి. నేను 2019లో చేయించినప్పుడు ఆ రుసుము 600 రూపాయలు. 2022 ఏప్రిల్ ఒకటి నుంచి దాన్ని 5,000 చేశారు. 2024లో ఆ 5,000 కట్టాను. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. నా బండి బ్రతికి ఉంటే 2029లో అది తప్పదు. ఇథనాలు సంగతి కూడా ఉన్నది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు ఇరవై శాతానికి చేరింది. 2004 నాటి బండిని ఆ ఇంధనం కోసం తయారుచేయలేదు. కనుక పెట్రోలు పారే రబ్బరు గొట్టాలను ముందుగానే మార్పించాను. రబ్బరుతో నాకు ఒక పాఠం చాలు.

2024లో పరీక్షకు ముందు పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి పాతికవేలు ఇస్తానన్నాడు. టింకరింగుకూ రంగుకూ అంతకన్న ఎక్కువే అయ్యేట్టుంది. మా అబ్బాయి "ఇచ్చేయి నాన్నా, కావలసినప్పుడు కారు పిలిపించుకోవచ్చు" అన్నాడు. వాడి లెక్కలో తప్పు లేదు. నేను రెండు రోజులు ఆలోచించాను. ఓమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది. అయినా అదే 796 సి.సి. ఇంజను 1983 నుంచి 2014 దాకా మారుతీ 800లోనూ నడిచింది కనుక సామాను తెనాలిలో ఇప్పటికీ దొరుకుతున్నది. పట్టుకు చేయి అందుతుంది, సామాను అందుతుంది, నాకు దాని భాష కొంత తెలిసింది. ఉంచుకున్నాను. ఇందులో అమ్మ మాట పాలెంతో నేను లెక్క కట్టలేదు.

మేనల్లుడికి చెప్పినదీ ఇదే. "ధర చూసి కొనకు. ఆ బండి దగ్గర ఉన్న కాగితాలు చూడు. దాన్ని విప్పి చూడగలిగే మనిషి నీకు ఎంత దూరంలో ఉన్నాడో చూడు. కొన్న ధరలో మూడో వంతు డబ్బు, బండి కొన్నాక కూడా, చేతిలో మిగులుతుందా చూడు. ఈ మూడూ ఉంటే కొను. లేకపోతే ఫొటో చూసి సంతోషించు."

వాడు బుద్ధిమంతుడు. మొదట చూసిన బండికి కాగితాలేవీ లేవు, వదిలేశాడు. మూడు నెలలు ఆగి అదే తరానిది మరొకటి చూశాడు. దాని పాత యజమాని ఇరవయ్యేళ్ల బిల్లులు ఒక లావుపాటి ఫైలుగా కుట్టి ఉంచాడట. క్లచ్చు మార్చినప్పుడు ఆ బేరింగునూ మార్పించిన బిల్లు అందులో ఉంది. కొనేముందు డబ్బిచ్చి షెడ్డులో పైకెత్తించి చూపించాడు. ఫిల్టరు కోయించాడు. లోపల లోహమేమీ లేదు. ధర మొదటి దానికన్న బాగా ఎక్కువే. అయినా కొన్నాడు.

మొన్న అడిగాడు, "మావయ్యా, అమ్మమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు బండి ఆగిపోయిందని అమ్మ ఎప్పుడో చెప్పింది. ఎందుకు ఆగింది?" అని. పైన రాసినదంతా అప్పుడు వాడికి చెప్పాను. కొంతసేపు ఏమీ అనలేదు. తరవాత, "రేపు ఆదివారం కదా, గొట్టాలు చూస్తాను" అన్నాడు.

మా వ్యాను డాష్‌బోర్డు అరలో కొత్త రబ్బరు గొట్టం ఒకటి కాగితంలో చుట్టి ఉంటుంది. దాని ధర ఇప్పుడు ఎనభై కాదు, నూట అరవై.

సెలవు.